మెడ మీద రాసి ఉన్న చరిత్ర: పాత ఉక్కు స్కూబా టాంకుల కథ

నా దగ్గర రెండు స్కూబా టాంకులున్నాయి. రెండూ ఉక్కువే, రెండూ సెకండ్ హాండ్‌వే. అందులో ఒకటి 1966 జూన్‌లో తయారైంది, అంటే నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. దాన్లో గాలి నింపించుకుని, వీపున కట్టుకుని మాంటెరేలో అరవై అడుగుల లోతుకి దిగి వస్తుంటానంటే ఆఫీసులో మనవాళ్ళు అదోరకంగా చూస్తారు. "అన్నా, పదేళ్ళ కారు కొనాలంటేనే మెకానిక్కుని వెంట తీసుకెళ్తాం, అరవయ్యేళ్ళ సిలిండరేంటన్నా!" అని ఓ కుర్రాడు నిజంగానే కంగారు పడ్డాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఒక ముక్కలో చెప్పలేక ఇదంతా రాస్తున్నా.

ముందుగా ఒక మాట. అది ఆక్సిజన్ సిలిండరు కాదండీ. తెలుగు వార్తాపత్రికల్లో, సినిమాల్లో ఎప్పుడు చూసినా "ఆక్సిజన్ సిలిండరు తగిలించుకుని" అనే రాస్తారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. కాకపోతే దాన్ని వడగట్టి, తడి తీసేసి, నూట డెబ్భై రెట్లో రెండొందల రెట్లో కుదించి నింపుతారు. కుదించడం పెద్ద కష్టం కాదు, కుదించినదాన్ని పట్టి ఉంచే డబ్బా తయారుచేయడమే కష్టం. స్కూబా చరిత్రంటే అందరూ రెగ్యులేటర్ కథ చెప్తారు, కూస్తో ఫోటో వేస్తారు. నన్నడిగితే అది సగం కథే. మిగతా సగం ఉక్కుది.

ఎలాగంటారా? ఫ్రాన్సులో బెన్వా రుకెరోల్ అనే గనుల ఇంజనీరు 1860లో ఒక రెగ్యులేటర్‌కి పేటెంటు తీసుకున్నాడు, గనుల్లో విషవాయువు నిండినప్పుడు లోపలికెళ్ళి మనుషుల్ని బయటికి తేవడానికి. తర్వాత దెనెరూజ్ అనే నౌకాదళ అధికారితో కలిసి 1864 నాటికి దాన్ని నీటి కిందికి మార్చాడు. పీల్చినప్పుడే గాలి వస్తుంది, నీటి లోతును బట్టి దాని పీడనం సర్దుకుంటుంది. అంటే కూస్తో కంటే ఎనభై ఏళ్ళ ముందే అసలు లాజిక్ సిద్ధంగా ఉంది. మరి ఎందుకు ఆగిపోయింది? వీపు మీద కట్టుకునే డబ్బా వల్ల. అప్పటి ఇనప రేకుల్ని వంచి, అతుకు పెట్టి చేసిన డబ్బాలు ముప్ఫై, నలభై అట్మాస్ఫియర్లకి మించి తట్టుకునేవి కావు. అంత గాలి కొద్ది నిమిషాలకి సరిపోతుంది, అంతే. అందుకని డైవర్లు మామూలుగా పైనుంచి పంపు కొట్టే గొట్టానికే కట్టుబడి ఉండేవారు, వీపు మీది డబ్బా అవసరానికి మాత్రమే. జూల్స్ వెర్న్ 1869-70లో వచ్చిన సముద్రగర్భ సాహస నవలలో ఇదే పరికరాన్ని కెప్టెన్ నెమోకి ఇచ్చి, గొట్టం తీసేసి, యాభై అట్మాస్ఫియర్లు నింపించాడు. రాసేవాడికి ఏముంది, కాగితం మీద డబ్బా పేలదు కదా :)

మన భాషలో చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ రెడీ, హార్డ్‌వేర్ రాలేదు.

హార్డ్‌వేర్ జర్మనీ నుంచి వచ్చింది. 1880ల మధ్యలో మన్నెస్‌మాన్ అన్నదమ్ములు ఎర్రగా కాల్చిన ఉక్కు కడ్డీని ఏటవాలుగా తిరిగే రోలర్ల మధ్య నొక్కుతూ, మధ్యలో బోలుగా చేసి గొట్టంగా మార్చే పద్ధతి కనిపెట్టారు. ఎక్కడా అతుకు ఉండదు. (మనవాళ్ళు కొందరికి మన్నెస్‌మాన్ అంటే మొబైల్ కంపెనీగా, 2000లో వోడాఫోన్ కొనేసిన దానిగా గుర్తుంటుంది. ఆ కంపెనీ పుట్టింది ఈ గొట్టాలతోనే.) అతుకు లేని ఉక్కు చేతికొచ్చాక వందకి పైగా బార్ పీడనం మామూలు విషయం అయిపోయింది. వెల్డింగుకి, ఆస్పత్రులకి, సోడా తయారీకి సిలిండర్లు పుట్టుకొచ్చాయి. 1926లో ఈవ్ ల ప్రియర్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి 150 బార్ పట్టే మూడు లీటర్ల సిలిండరు కట్టుకుని నీళ్ళలో దిగాడు. ఆ సిలిండరు మిషెలిన్ కంపెనీది, అంటే టైర్ల వాళ్ళది. అదీ సంగతి: డైవర్ల కోసం ఎవరూ సిలిండర్లు చేయలేదు. వేరేవాళ్ళ కోసం చేసినవాటిని డైవర్లు ఎత్తుకొచ్చారు.

కూస్తో కథ కూడా అలాంటిదే. యుద్ధకాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో పెట్రోలు లేదు. కార్లని గాసు మీద నడపడానికి ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ ఒక చిన్న వాల్వు తయారుచేసి పెట్టుకున్నాడు. 1942 చివర్లో కూస్తో వచ్చి తనకేం కావాలో చెప్తే, ఆ వాల్వునే సవరించి ఇచ్చాడు. 1943 మొదట్లో మార్న్ నదిలో మొదటి పరీక్ష. నిలబడితే గాలి వృథాగా పోతుంది, తలకిందులైతే అస్సలు రాదు. బయటికి వదిలే గొట్టం మూతి, లోపలి పొర ఒకే ఎత్తులో లేకపోవడమే బగ్. రెండింటినీ పక్కపక్కన పెట్టారు, బగ్ పోయింది. ఆ ఏడాది జూన్‌లో మధ్యధరా తీరంలో బాండోల్ దగ్గర మూడు చిన్న సిలిండర్లు కట్టుకుని కూస్తో దిగాడు. తర్వాతిది అందరికీ తెలిసిందే.

యుద్ధం అయ్యాక అది అమెరికాకి వచ్చింది. లాస్ ఏంజెలెస్ వెస్ట్‌వుడ్‌లో రెనే బూసోజ్ అనే ఫ్రెంచాయన తన స్పోర్ట్స్ కొట్లో ఆక్వాలంగ్‌లు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. రెగ్యులేటర్ కొనుక్కున్నవాళ్ళు టాంకుల కోసం మిలిటరీ సర్‌ప్లస్ అమ్మే చోట్ల పడ్డారు. విమానాల్లోని ఆక్సిజన్ బాటిళ్ళు, నిప్పులార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, ఏది దొరికితే అది. రెండేసి కలిపి బిగించుకునేవారు. 1958 నుంచి 1961 దాకా టీవీలో "సీ హంట్" వచ్చాక ఇంకేముంది, ప్రతి అమెరికన్ కుర్రాడికీ ఓ టాంకు కావాలి. అప్పుడు గాని సిలిండరు కంపెనీలు డైవర్లని ఒక మార్కెట్టుగా గుర్తించలేదు.

అప్పుడు స్థిరపడిందే "స్టీల్ 72". సుమారు ఏడంగుళాల వ్యాసం, రెండడుగుల పైచిలుకు ఎత్తు, పన్నెండు లీటర్ల బోలు. 2475 పీఎస్ఐకి, అంటే దాదాపు 170 బార్‌కి నింపితే 71.2 ఘనపుటడుగుల గాలి పడుతుంది. విస్కాన్సిన్‌లో మిల్వాకీ పక్కన ప్రెస్డ్ స్టీల్ టాంక్ కంపెనీ, కాలిఫోర్నియాలో నారిస్ కంపెనీ వీటిని లెక్కలేనన్ని చేశాయి. ఇరవై ఏళ్ళపాటు అమెరికాలో స్కూబా టాంకు అంటే ఇదే. నాది కూడా ఇదే.

ఇప్పుడు మెడ సంగతికొద్దాం. పాత టాంకు కొనేటప్పుడు రంగు చూడకండి, భుజం మీద చెక్కిన అక్షరాలు చూడండి. నా టాంకు మీద మొదటి వరుసలో "ఐసీసీ-3ఏఏ2250" అనుంది. ఐసీసీ అంటే క్రికెట్టు కాదండోయ్, ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్. 1887లో రైల్వే కంపెనీల ఆగడాలు అదుపు చేయడానికి పెట్టిన సంస్థ. రైళ్ళ సంస్థకి స్కూబా టాంకు మీద పనేంటి? 1908లో పేలుడు పదార్థాల రవాణా మీద చట్టం వచ్చింది, ప్రమాదకరమైన సరుకు రైల్లో వెళ్ళాలంటే దాని డబ్బా ఎలా ఉండాలో ఈ కమిషన్ చెప్పేది. గాసు సిలిండర్లు అందులోకే వచ్చాయి. 1967లో రవాణా శాఖ పని మొదలుపెట్టాక ఆ అధికారం అక్కడికి మారింది, 1970 ప్రాంతం నుంచి వచ్చిన సిలిండర్ల మీద డీఓటీ అనే ఉంటుంది. కాబట్టి ఐసీసీ అని కనిపిస్తే ఆ టాంకు యాభై ఏళ్ళు దాటిందనే లెక్క. పాతదని చెల్లకుండా పోదు, ఐసీసీ ముద్ర ఈ రోజుకీ చట్టప్రకారం చెల్లుతుంది. ఇంకో గమ్మత్తు, ఈ రూల్సన్నీ నేటికీ రవాణా రూల్సే. మనిషి దాన్లోంచి ఊపిరి పీలుస్తాడన్నది వాటికి చాలావరకు పట్టదు. రోడ్డు మీద పేలకూడదు, అంతే.

3ఏఏ అంటే ఆ ఉక్కు రకం: క్రోమియం, మాలిబ్డినం కలిపిన మిశ్రమం. (ఒకే ఏ ఉంటే మామూలు కార్బన్ ఉక్కు, బరువెక్కువ.) 2250 అంటే పీఎస్ఐలో పని పీడనం. తర్వాత సీరియల్ నంబరు, తయారీదారు గుర్తు, ఆ తర్వాత "6-66+". 1966 జూన్‌లో మొదటి పరీక్ష అయిందని. ఆ కూడిక గుర్తు చిన్నదే గానీ దాని విలువ ఎక్కువ. అది ఉంటే పదిశాతం అదనంగా నింపుకోవచ్చు. 2475 అలా వచ్చిందే. గుర్తు లేకపోతే 2250తో ఆపాలి, అప్పుడు మీ 72 కాస్తా 65 అయిపోతుంది.

ఇక దాని కింద తేదీల వరుస మొదలవుతుంది. ప్రతి ఐదేళ్ళకీ పరీక్ష చేయించాలి, పాసైతే నెల, సంవత్సరం, మధ్యలో పరీక్షించినవాళ్ళ నాలుగక్షరాల గుర్తు చెక్కుతారు. చెరిపెయ్యడానికి లేదు, దిద్దడానికి లేదు. ఇంతకంటే నిజాయితీ గల కమిట్ లాగ్ నేను ఏ ప్రాజెక్టులోనూ చూడలేదు. నా టాంకు మీద 1966, 72, 77, 83 ఉన్నాయి. తర్వాత ఇరవై నాలుగేళ్ళు ఏమీ లేదు. మళ్ళీ 2007. ఆ ఖాళీలో ఏం జరిగుంటుందని చాలాసార్లు అనుకున్నాను. పెళ్ళయిందేమో, పిల్లలేమో, ఏ గారేజీ మూలనో పడుందేమో. అమ్మినావిడ వాళ్ళాయన వస్తువులన్నీ ఖాళీ చేస్తూ దీన్ని ముప్ఫై డాలర్లకి ఇచ్చేసింది. నేనడిగింది ఒకటే: "ఇది ఇంట్లో ఉందా, బయట ఉందా?" ఇంట్లోనే అంది. లోపల దీపం వేసి చూస్తే తళతళలాడుతోంది.

ఈ ఐదేళ్ళ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే పాత టాంకు భయం సగం పోతుంది. టాంకు నిండా నీళ్ళు పోసి, దాన్ని ఇంకో నీళ్ళ తొట్టిలో బిగించి, లోపల పీడనం పని పీడనానికి అయిదు బై మూడు రెట్లు పెంచుతారు. 2250 టాంకుకి 3750 పీఎస్ఐ. టాంకు కొంచెం ఉబ్బుతుంది, ఉబ్బిన మేర బయటి తొట్టిలో నీళ్ళు పక్కకి జరుగుతాయి, దాన్ని కొలుస్తారు. పీడనం తీసేశాక మళ్ళీ కొలుస్తారు. మంచి ఉక్కు రబ్బరులాగా మొదటికి వచ్చేస్తుంది. మొత్తం ఉబ్బులో పదో వంతుకి మించి తిరిగి రాకుండా మిగిలిపోయిందంటే ఆ టాంకు పని అయిపోయినట్టే. కూడిక గుర్తు కావాలంటే, ఉబ్బడమే ఒక హద్దు దాటకూడదు. ఎక్కువ ఉబ్బిందంటే గోడ పల్చబడిందని అర్థం. గాలితో కాకుండా నీళ్ళతో ఎందుకంటే, నీళ్ళు కుదించుకోవు, పగిలినా చీదేసి ఊరుకుంటుంది. వేరే పనులకి వాడే కొన్ని 3ఏఏ సిలిండర్లకి పదేళ్ళకోసారి పరీక్ష చాలు, నీటి కింద ఊపిరికి వాడేవాటికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఇది వయసు అడిగే పరీక్ష కాదు, గట్టితనం అడిగే పరీక్ష. ఉక్కుకి ఒక గుణముంది, ఒక హద్దులోపల ఎన్నిసార్లు సాగదీసి వదిలినా అది అలిసిపోదు. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు, ప్రతి నింపుడూ దాని ఆయుష్షులో కాస్త తింటుంది. 1970ల మొదట్లో అల్యూమినియం టాంకులు వచ్చి స్టీల్ 72ని పక్కకి నెట్టేశాయి. ఎందుకు నెట్టాయో కూడా న్యాయంగా చెప్పాలి. ఉప్పునీళ్ళు లోపలికి పోతే ఉక్కు తుప్పు పడుతుంది, అల్యూమినియం పట్టదు. బోట్ల మీద అద్దెకిచ్చేవాళ్ళకి అది వరం. కానీ లక్స్‌ఫర్ కంపెనీ 6351 అనే మిశ్రమంతో చేసిన టాంకుల్లో మెడ దగ్గర, ఎంత జాగ్రత్తగా వాడినా, కాలం గడిచే కొద్దీ పగుళ్ళు పుట్టుకొచ్చాయి. కొన్ని నింపుతుండగా పేలాయి, మనుషులు దెబ్బతిన్నారు. అమెరికాలో 1988లో ఆ కంపెనీ 6061 మిశ్రమానికి మారిపోయింది. 2007 నుంచి పాత 6351 వాటికి మెడలో విద్యుత్ ప్రవాహంతో పగుళ్ళు వెతికే పరీక్ష కూడా తప్పనిసరి చేశారు. గారేజ్ సేల్‌లో 1988కి ముందరి అల్యూమినియం టాంకు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఉక్కుది 1958ది అయినా చూడండి. ఇది నా అభిప్రాయం, దీని మీద ఎవరితోనైనా వాదనకి సిద్ధం.

అయితే ఉక్కుకి ఉన్న శత్రువు ఒక్కటే, కానీ పెద్దది: తడి. దీన్లో బయటి తుప్పు కంటే లోపలి తుప్పు ప్రమాదం, అదీ రెండు రకాలుగా. గోడని తినేయడం ఒకటి, అది పరీక్షలో తేలుతుంది. రెండోది చాలామందికి తట్టనిది. తుప్పంటే ఇనుము ఆక్సిజన్‌ని మింగడమే కదా. ఎక్కడి ఆక్సిజన్? మీరు పీల్చబోయేది. చిన్నప్పటి కెమిస్ట్రీతో లెక్కేద్దాం: ఒక లీటరు ఆక్సిజన్‌ని మింగడానికి సుమారు 3 గ్రాముల ఇనుము చాలు. నిండు టాంకులో దాదాపు 2000 లీటర్ల గాలి, అందులో 420 లీటర్ల ఆక్సిజన్. అదంతా పోవాలంటే కిలోకి పైగా ఇనుము తుప్పు పట్టాలి, అలాంటి టాంకుని ఎవరైనా గుర్తుపడతారు. కానీ 20 బార్ మిగిల్చి మూలన పెట్టేసిన టాంకులో ఉండేది 50 లీటర్లే. దానికి 150 గ్రాముల ఇనుము చాలు. అందులో సగం తుప్పు పట్టినా లోపలి ఆక్సిజన్ సగానికి పడిపోతుంది, మనిషికి తెలివి తప్పడానికి అది సరిపోతుంది. మనకి ఊపిరాడని బాధ తెలిసేది కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. ఇక్కడ అది మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి హెచ్చరిక ఏమీ ఉండదు, దీపం ఆరిపోయినట్టు ఆరిపోతాడు. ఏళ్ళ తరబడి పడున్న టాంకులో "ఇంకా కొంచెం గాలుంది, ఈతకొలనులో రెగ్యులేటర్ చూద్దాం" అని ఎవరైనా అంటే చేయి పట్టుకుని ఆపండి. ఖాళీ చేసి, లోపల చూసి, కొత్తగా నింపించాకే నోట్లో పెట్టుకోవాలి.

లోపల చూడటం అంటే వాల్వు విప్పి, తీగ చివర చిన్న బల్బు దింపి చూడటం. దానికి ముందు గాలి పూర్తిగా వదిలేయాలి, నిండు టాంకు వాల్వు మీద రెంచి పెట్టడం ఆత్మహత్యే. పల్చగా ఎర్రటి పొడిలాంటి తుప్పు ఉంటే కంగారు పడనవసరం లేదు, రాపిడి గులకరాళ్ళు పోసి కొన్ని గంటలు దొర్లిస్తే పోతుంది. గుంటలు పడి ఉంటే, ముఖ్యంగా అడుగున గీత గీసినట్టు వరసగా ఉంటే, వదిలేయండి. 1960, 70లలో తుప్పు పట్టకుండా లోపల ఎపాక్సీ పూత వేసి అమ్మేవారు. అప్పట్లో గొప్ప ఫీచరు. కాలక్రమంలో ఆ పూత పెచ్చులూడి, దాని వెనకాల తుప్పు దాక్కుంటుంది. లాగింగ్ ఆపేసి ఎర్రర్లు లేవనుకోవడం లాంటిదన్నమాట. పూత ఉన్నది నేనైతే తీసుకోను. బయట కూడా అంతే, మందపాటి వినైల్ తొడుగు, అడుగున ప్లాస్టిక్ బూటు ఉంటే తీయించి చూడాలి. వేడి జింకులో ముంచిన పూత మాత్రం మంచిది, చూడటానికి బకెట్టులాగా ఉన్నా సరే. ఎక్కడైనా పెయింటు బొబ్బలెక్కి, కాలినట్టుంటే నిప్పు తగిలిందేమోనని అనుమానించండి, వేడికి ఉక్కు పదును పోతుంది.

ఇంకో పాత పద్ధతుంది. ఖాళీ టాంకుని తాడుతో వేలాడదీసి చెక్క సుత్తితో మెల్లగా కొట్టడం. మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి గణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. అచ్చం అదే. శుభ్రమైన ఉక్కు గుడి గంటలాగా చాలాసేపు మోగుతుంది. లోపల తుప్పో, ఊడిన పూతో ఉంటే మొద్దుగా "దబ్" అంటుంది. నా రెండో టాంకు అలా గంట విని కొన్నదే. వాల్వు విప్పాక గంట చెప్పిందే నిజమైంది.

వాల్వుల గురించి కాస్త. పాతవాటి మీద పక్కన ఒక మీట, కింద దాకా వేలాడే కడ్డీ ఉంటే అది జె-వాల్వు. అప్పట్లో పీడనం చూపించే గేజీలు డైవర్లకి ఉండేవి కావు. గాలి తగ్గినప్పుడు లోపలి స్ప్రింగు దారి మూసేస్తుంది, ఊపిరి బిగుస్తుంది, కడ్డీ లాగితే మిగతా గాలి వదులుతుంది. స్కూటర్ పెట్రోలు రిజర్వు గుర్తుందా? అదే. రిజర్వు లేని మామూలుది కె-వాల్వు. ఈ పేర్లకి పెద్ద అర్థమేమీ లేదు, పాత కేటలాగ్‌లో ఆ వస్తువుల పక్కనున్న అక్షరాలట! జె-వాల్వుని తీసి దాచుకోండి, కొత్త కె-వాల్వు పెట్టించుకోండి. మెడ మర మాత్రం చూసుకోవాలి. ముప్పావు అంగుళం తిన్నటి మర, ఓ-రింగు ఉన్నదైతే ఇప్పటి వాల్వులు పడతాయి. మరీ పాతవాటికి అరంగుళం కోసుగా ఉండే మర ఉంటుంది. వాటికి వాల్వులు దొరకడం కష్టం, ఇంట్లో దీపస్తంభం చేసుకోవడానికి బాగుంటాయి.

ఇంత చెప్పాక ఒక చేదు సంగతి. ఒక డైవింగ్ కొట్లో నా 1966 టాంకు నింపమన్నారు. పరీక్ష తేదీ సరిగ్గా ఉంది, ఆ ఏడాది లోపల చూసిన స్టిక్కరు కూడా ఉంది. "పాతికేళ్ళు దాటినవి నింపం, మా పాలసీ" అని కౌంటర్లో కుర్రాడు తిప్పి పంపేశాడు. ఉక్కుకీ 6351కీ తేడా చూడని పాలసీ అది. ప్రమాదాల నుంచి పుట్టిన భయాన్ని చదవకుండా కాపీ పేస్టు చేస్తే వచ్చే రూలు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

కానీ ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎందుకంటే లెక్క ఇంకోటుంది. పన్నెండు లీటర్ల టాంకు 170 బార్ దగ్గర దాచుకునే శక్తి సుమారు 400 కిలోజౌళ్ళు. ఒక టన్ను కారు గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వస్తే ఉండే శక్తి అంత. అది పేలితే నీళ్ళలో నా వీపు మీద పేలే అవకాశం తక్కువ, పేలేది ఎక్కువగా నింపేటప్పుడే. అంటే దాని పక్కన నిలబడేది గంటకింతని జీతానికి పనిచేసే ఆ కుర్రాడు. నా టాంకు చరిత్ర నాకు తెలుసు, అతనికి తెలిసింది మెడ మీద ఉన్న అక్షరాలే. సియాటిల్‌లో బిల్ హై అనే ఆయన 1980లలో టాంకుల్ని లోపల చూసేవాళ్ళకి శిక్షణ మొదలుపెట్టిందీ ఇందుకే, చూసేవాడికి ఏం చూస్తున్నాడో తెలియాలని. ఏటా లోపల చూడాలన్నది చట్టం కాదు, డైవింగ్ వాళ్ళు తమకి తాము పెట్టుకున్న నియమం. పాటించి తీరాలి. నేనిప్పుడు నింపించుకునే చోట ఓ ముసలాయన ఉన్నాడు, ప్రతిసారీ కళ్ళద్దాలు సర్దుకుని మెడ మీద తేదీలన్నీ వేలితో తడిమి చదువుతాడు. పది మంది వరసలో ఉన్నా సరే. ఆయన కోసమే నలభై మైళ్ళు పోతాను.

ఇదే కారణంతో ఫ్లోరిడా నుంచి వచ్చే పాత టాంకుల్ని నేను రెండుసార్లు ఆలోచిస్తాను. అక్కడ గుహల్లో డైవింగ్ చేసేవాళ్ళు 2400 పీఎస్ఐ ఉక్కు టాంకుల్ని 3600 దాకా నింపుకునే అలవాటుంది. ఆ టాంకుకి పరీక్ష పీడనమే 4000. ఐదేళ్ళకోసారి పెట్టాల్సిన పరీక్షకి దగ్గరగా ప్రతి వారం తీసుకెళ్తున్నట్టు. "ఏళ్ళుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు" అంటారు. కాకపోవచ్చు. ఉక్కు సహనం గొప్పది. కానీ ఆ కథ మెడ మీద రాసి ఉండదు, అమ్మేవాడు చెప్తేనే తెలిసేది.

ఇన్ని తిప్పలు పడి ఉక్కే ఎందుకు? ముప్ఫై డాలర్ల టాంకుకి పరీక్ష, వాల్వు అన్నీ కలిపి నూట యాభై అయింది. కొత్త ఉక్కుదైతే నాలుగైదు వందలు. అది ఒకటి. అసలు కారణం నీళ్ళలో తెలుస్తుంది. మామూలు అల్యూమినియం 80 ఖాళీ అయ్యేసరికి రెండు కిలోల బరువుతో పైకి లాగుతుంది, ఆ లాగుడుని అణచడానికి నడుముకి మొదటి నుంచీ అదనపు సీసం మోయాలి. స్టీల్ 72 ఖాళీ అయినా అంత గొడవ చేయదు. మాంటెరే నీళ్ళు చల్లన, ఏడు మిల్లీమీటర్ల రబ్బరు సూటు అసలే తేలుతుంది, అక్కడ తగ్గిన ప్రతి కిలో నడుముకి తెలుస్తుంది.

చివరగా, ఇండియాకి వెళ్ళిపోతూ టాంకు కూడా పట్టుకెళ్దామనుకునేవాళ్ళకి. విమానంలో వాల్వు విప్పేసి, లోపల కనపడేలా ఉంచితే గాని ఎక్కించుకోరు. అది సులువైన భాగం. అక్కడ గాసు సిలిండర్ల నియమాలు నాగపూర్‌లోని పేలుడు పదార్థాల భద్రతా సంస్థ చేతిలో ఉంటాయి. వాళ్ళ ఆమోదం లేని సిలిండరుని దిగుమతి చేసుకోవడానికీ, నింపడానికీ 2016 నాటి నియమాలు ఒప్పుకోవు, మీ మెడ మీద ఎన్ని అమెరికా ముద్రలున్నా. యూరప్ టాంకులు అమెరికాలో చెల్లనట్టే ఇదీ. విశాఖలో సరదాగా దిగాలనుంటే టాంకు అక్కడే అద్దెకి తీసుకోండి, రెగ్యులేటర్, మాస్కు మాత్రం పట్టుకెళ్ళండి. అద్దె టాంకు ఇచ్చేటప్పుడు మెడ వైపు ఒకసారి వంగి చూడండి, చివరి తేదీ ఎప్పటిదో.